సొరుగులో ఫోను

"ఎవరిదది? తియ్యి బయటికి!"

ఆరో తరగతి మొత్తం ఒక్కసారిగా నోరు మూసుకుంది. వెనింగ్ లేచి నించుని, స్కర్టు జేబులోంచి ఫోను తీసింది. పాత బటన్ల ఫోను. ఒకసారి చార్జింగు పెడితే వారం లాగిస్తుంది. హెడ్మాస్టరు దర్సోనో దాన్ని చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో అందుకున్నారు.

"మా అమ్మ కొనిచ్చింది సార్. బజారు నుంచి ఎప్పుడొస్తుందో చెప్పడానికి ఫోన్ చేస్తుంది."

"చెయ్యనీ. బళ్ళో మోత వినపడకూడదన్నానా లేదా?"

"మోగకుండా పెట్టుకుంటాను సార్."

"మరి ఇప్పుడు మోగిందేమిటి, నీ పొట్టా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. వెనింగ్‌కి ఏడుపొచ్చింది.

"నెలాఖరుకి మీ అమ్మనొచ్చి తీసుకెళ్ళమను."

ఆయనకి ఫోనంటే అంత మంట ఎందుకో బడిలో అందరికీ తెలుసు. గెండిస్ కోసం. ఆదివారం క్లాతెన్‌లో పాటల పోటీ. మూడేళ్ళుగా కంటికి రెప్పలా చూసుకుంటూ తయారు చేస్తున్నారు. నిరుడు రెండో బహుమతి దగ్గర ఆగిపోయింది. ఈసారి గెలవకపోతే ఊళ్ళో తలెత్తుకోలేనని భార్యతో అనేశారు కూడా. ఇంటి ముందు మోటారుసైకిళ్ళ రొద పడలేక, రోజూ బడికే తీసుకొచ్చి, తన గదిలో కిటికీ పక్కన సాధన చేయిస్తున్నారు.

"దానిది మామూలు చెవి కాదండీ," అని టీచర్లతో మురిసిపోయేవారు. "విన్నది విన్నట్టు పట్టేస్తుంది. ఈ దిక్కుమాలిన ఫోను మోత చెవిన పడిందా, నా మూడేళ్ళ కష్టం మట్టిపాలే!"

వెనింగ్ ఫోనుని తన గదిలోని బల్ల సొరుగులో పడేసి తాళం వేశారు. "నువ్వు కానివ్వు బంగారం," అని గెండిస్‌కి చెప్పి, మళ్ళీ తరగతుల మీద పడ్డారు. ఆ వారమంతా ఆయన గదిలో ఉన్నది తక్కువే. పిల్లల సంచులు దులపడం, జేబులు తడమడం, మరుగుదొడ్ల వెనక నక్కి చూడటం, ఇదే పని.

వెనింగ్ ఇంట్లో నిజం చెప్పలేదు. చెబితే వీపు విమానం మోతే.

"ఫోను ఎక్కడో పడిపోయిందమ్మా."

"పడిపోయిందా? నీ బుర్ర పడిపోలేదూ!"

తల్లి ముర్నీ బజార్లో సోయా గింజల టెంపే వేపుళ్ళు అమ్ముతుంది. ఆమె కేక వేస్తే నాలుగు వీధులు వింటాయి.

"ఎవడికి దొరికిందో వాడు ఎత్తేదాకా చేస్తూనే ఉంటా. ఎంతకాలం ఎత్తకుండా ఉంటాడో చూస్తా!"

అన్నంత పనీ చేసింది. పొయ్యి మీద నూనె కాగేలోపు ఒకసారి, బేరాలు లేనప్పుడల్లా ఇంకోసారి.

ఆదివారం వచ్చింది. మైదానం కిటకిటలాడుతోంది. ముర్నీ కూడా పొయ్యీ మూకుడూ అక్కడికే మోసుకొచ్చి, వెనింగ్‌ని సాయానికి కూర్చోబెట్టుకుంది. జడ్జీలు జెండాలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. చుట్టూ కట్టిన తాడుకి ఇవతల దర్సోనో గొంతు చించుకుంటున్నారు.

"కానీ బంగారం! నా పరువు నిలబెట్టు!"

మైదానమంతా పాటలే. గెండిస్ మాత్రం ఇంకా నోరు విప్పలేదు. ఆయనకి చెమటలు పట్టేశాయి.

అప్పుడు వినిపించింది. టిర్రిటిరి టిర్రిటిరి టీఈఈ!

జడ్జీలు జేబులు తడుముకున్నారు. జనం సంచులు వెతుక్కున్నారు. "ఎవడ్రా వాడు? ఆపు ఆ ఫోను!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

ముర్నీ చేతిలో గరిటె ఆగిపోయింది. "అమ్మమ్మమ్మ! అది మన ఫోనే! ఆ మోత ఏరికోరి నేనే పెట్టించాను. దొంగ వెధవ ఇక్కడే ఉన్నాడే!"

"దొంగ కాదమ్మా," అంది వెనింగ్. "మా హెడ్మాస్టరు సార్. ఆయనే లాక్కుని సొరుగులో పెట్టారు."

ముర్నీ గరిటెతో సహా వెళ్ళి ఆయన ముందు నించుంది.

"ఏం సార్, పిల్లల ఫోన్లు లాక్కుని మీరు జేబులో వేసుకు తిరుగుతున్నారా? తియ్యండి బయటికి!"

"నా జేబులో లేదమ్మా," అన్నారు దర్సోనో ఏడుపు గొంతుతో.

తర్వాత తాడు దాటి వెళ్ళి, ఇంకా హుషారుగా మోగుతూనే ఉన్న గెండిస్ పంజరం మీద గుడ్డ కప్పేశారు.