దాని వేగం

"అది ముసలిదైపోయిందక్కా. పోటీలకు పరిగెత్తే నీ దగ్గర తట్టుకోలేదు. నా దగ్గరే ఉండనీ" అన్నాను.

రెండేళ్ల క్రితం నాకు వదిలి వెళ్లిన కుక్కను తీసుకుపోవడానికి అక్క వచ్చింది.

"ఆదివారమేగా, మీరిద్దరూ వారంవారం పరిగెత్తే పన్నెండు కిలోమీటర్లకు నేనూ వస్తా. అది ఆయాసపడిందా, నీకే వదిలేస్తా."

ఎప్పటిలాగే దాని కోసం కాళ్లను అదుపులో పెట్టుకుని, కబుర్లు చెబుతూ పరిగెత్తాను. వంతెన మీదికి ఎక్కే దారి మొదట్లో నేను గొలుసు విప్పగానే అక్క వేగం పెంచింది. కుక్క ఆమెను దాటి బాణంలా దూసుకుపోయింది.

"ముసలిదెవరే, అదా నువ్వా?" పైనుంచి అక్క అరిచింది.

కుక్క వంతెన మీద ఆగి నాకోసం వెనక్కి చూస్తోంది. ప్రతి ఆదివారం అక్కడే ఆగేది. ఆయాసమనుకుని నీళ్లు తాగించేదాన్ని.

నేను రొప్పుతూ చేరుకున్నాను. గొలుసు అక్క చేతికిచ్చాను.