ముప్పై అయిదున్నర

"సోడియం ఇరవై మూడు, క్లోరిన్ ముప్పై అయిదున్నర. కలిపితే యాభై ఎనిమిదిన్నర. ఉప్పు అణుభారం కరెక్టేనా మమ్మీ?"

చంద్రిక తలూపింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో పదేళ్లుగా చెప్తున్న లెక్క. వినకుండానే తలూపగలదు.

పంజాగుట్ట ఆసుపత్రిలో, ఆపరేషన్ థియేటర్ బయట తల్లీకూతుళ్లు కూర్చున్నారు. లోపల చంద్రిక భర్త సురేశ్ గుండెకు ఆపరేషన్ జరుగుతోంది. "ఇలాంటి కేసుల్లో నూటికి డెబ్బై మంది గట్టెక్కుతారమ్మా" అని పొద్దున డాక్టరు చెప్పినప్పటి నుంచి చంద్రిక ఆ డెబ్బైనే పట్టుకుని కూర్చుంది. ఏడుపు రాలేదు. భయం కూడా వేయలేదు.

"సోడియంకు లేని అర, క్లోరిన్‌కెందుకున్నది?" వెన్నెల నోటుబుక్కులోంచి తలెత్తకుండానే అడిగింది.

"అది సగటు బిడ్డా. కొన్ని క్లోరిన్ పరమాణువులు ముప్పై అయిదుంటయి, కొన్ని ముప్పై ఏడుంటయి. అన్నిటిని కలిపి సగటు తీస్తె ముప్పై అయిదున్నర."

"మరి సరిగ్గ ముప్పై అయిదున్నర ఉండేది ఏది?"

"అట్లాంటిది ఒక్కటి సుత ఉండదు. ఏ పరమాణువును తీస్కున్నా అయితే ముప్పై అయిదు, లేకుంటె..."

చంద్రిక మాట మధ్యలోనే ఆగింది.

వెన్నెల పెన్ను కూడా ఆగింది. థియేటర్ తలుపు మీది ఎర్ర లైటు వైపు చూస్తూ అడిగింది.

"అంటె డాడీకి సుత డెబ్బై అనేది ఉండదా మమ్మీ? ఇటో అటో, గంతేనా?"

ఈసారి చంద్రిక తలూపలేదు. పొద్దుటి నుంచి పట్టుకున్న డెబ్బైని వదిలేసి, కూతురి చెయ్యి పట్టుకుంది.