యెస్సా, నోనా?

భుజాల మీద తువ్వాలు కప్పుకుని వంటింట్లో నిలబడ్డాడు అతను. ప్రస్తుతానికి అదే లాయరు గౌను. పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చున్న భార్యే సాక్షి. నాలుగేళ్ళ కూతురు బల్ల కింద రంగు పెన్సిళ్ళతో ఆడుకుంటోంది.

దేశం కాని దేశంలో, నానా దేశాలవాళ్ళూ చదివే యూనివర్సిటీలో, అతను ఇంగ్లీషులో లా చదువుతున్నాడు. సాక్షిని ప్రశ్నించే పరీక్ష ఒకసారి తప్పాడు. ఈసారీ తప్పితే పెట్టే బేడా సర్దుకోవాల్సిందే. ఆమె బెంగంతా అదే. ఆమెకొచ్చిన ఇంగ్లీషు "థాంక్యూ" దగ్గరే ఆగిపోయింది. అయినా మొగుడి కోసం ప్రశ్నలన్నీ బట్టీ పట్టింది.

"పాపని గదిలో పెట్టి తాళం వేసి వెళ్ళావా?" ఇంగ్లీషులో అడిగి, తెలుగులో అర్థం చెప్పాడు.

"అదేంటండీ! ఫైలు మర్చిపోయాను, పరుగెత్తుకురా అని మీరే కదా..."

"ఇదిగో, ఇదే వద్దన్నాను! సాక్షి కథలు చెప్పకూడదు. యెస్సా, నోనా?"

"యెస్సే."

"పాపని కొట్టావా?"

"ప్లగ్గులో వేలు పెట్టబోతే ఒక్కటి..."

"యెస్సా, నోనా?"

"అబ్బ, యెస్! ఇలా అడిగితే మీ మేష్టర్లు నన్ను రాక్షసి అనుకుంటారండీ."

"అనుకోవాలి. అప్పుడేగా నాకు మార్కులు!"

ఆమె పగలబడి నవ్వింది. పాపం, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడు ఎదురుగా నిలబడి ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదలు. కూర మాడుతున్న వాసన వస్తున్నా స్టూలు దిగలేదు.

పరీక్ష రోజు పొద్దున్నే పాపకి జడలేసి, తనూ ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుంది.

"ఈసారి అచ్చం కోర్టులాంటి హాల్లో పెడుతున్నారు," దారిలో చెప్పాడతను. "తర్జుమా మనిషి కావాలా అంటారు. నో అను. లేకుండా చెబితే మార్కులెక్కువ. ఆఖర్న ఇంకేమైనా చెప్పుకుంటావా అంటారు. దానికీ నో."

"మర్చిపోతానా ఏంటి!"

హాలు చూసి ఆమె నోరెళ్ళబెట్టింది. ఎత్తు కుర్చీలో గౌను వేసుకున్న పెద్దాయన ఎంత బాగా నటిస్తున్నాడో! తర్జుమా మనిషి సంగతి అడగ్గానే "నో" అంది. మొగుడు లేచాడు. ప్రశ్నలన్నీ వంటింటి వరసలోనే వచ్చాయి. యెస్. యెస్. యెస్. ఒక్కచోటా తడబడలేదు. తన మీద తనకే ముద్దొచ్చింది.

పెద్దాయన కళ్ళజోడు తీశాడు. ఆమెనే చూస్తూ, నెమ్మదిగా, ఒకటికి రెండుసార్లు ఏదో అడిగాడు. ఆఖరి ప్రశ్న ఇదే అయ్యుంటుంది.

"నో," అంది ఠక్కున.

మొగుడి ముఖం వెలిగిపోయింది. హమ్మయ్య, గట్టెక్కారు! ఆమెకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పక్కన కూర్చున్న పాపని దగ్గరకు లాక్కుని ముద్దు పెట్టుకుంది.

"పాసయ్యామా?" అని ఆమె కళ్ళతోనే మొగుణ్ణి అడుగుతుండగా, వాళ్ళిద్దరికీ విడాకులు మంజూరు చేసిన జడ్జి, పాప ఇకనుంచి తండ్రి దగ్గరే పెరగాలని తీర్పు చదవడం మొదలుపెట్టాడు.