ఎడారిలో వంటావార్పు

టైర్ల మురళీకృష్ణ మూటాముల్లె సర్దుకుని పారిపోతున్నాడని ఎదురింటి అరుణమ్మ పాలబూత్ దగ్గర అందట. జీపు మీద టెంటూ నీళ్ల డబ్బాలూ కట్టడం కళ్లారా చూశానని, ఇక ఆ మనిషి తిరిగి రాడని ఖాయం చేసేసిందట. భార్య సూర్యప్రభ ఆ మాట మోసుకొచ్చేసరికి అతనికి కాఫీ చేదెక్కింది.

"పారిపోవడానికి నేనేమన్నా దొంగనా?" అన్నాడు. అసలు సంగతి ఎవరికీ చెప్పనని మాటిచ్చి ఉన్నాడు.

అవి సకలజనుల సమ్మె రోజులు. ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ అతనికి ఎల్బీ నగర్‌లో విజయవాడ రోడ్డు పక్కన టైర్ల షాపు. కిందటి బంద్‌లో ఎవరో వచ్చి షాపు ముందున్న టైర్లు దొర్లించుకుపోయి నడిరోడ్డు మీద తగలబెట్టారు. పాతవైతే పోనీలే అనుకునేవాడు. వాటిలో కొత్తవీ ఉన్నాయి.

"ఈసారి రోడ్డు దిగ్బంధం రోజున షట్టరెత్తి గడపలో కూర్చుంటా. నన్ను దాటి ఎవడు టైరు ముట్టుకుంటాడో చూస్తా" అని టీ కొట్టు దగ్గర పదిమందిలో అనేశాడు. అన్నాడంటే చేసే మనిషే.

ఆ మర్నాడే కొమురమ్మ పెరటి గుమ్మంలోంచి వచ్చింది. పక్కింటి రాజయ్య భార్య. రాజయ్యకి దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల దుకాణం. తెలంగాణ ఉద్యమమంటే తిండీ నిద్రా ఉండవు. మురళీకృష్ణతో రోజూ వాదిస్తాడు, రోజూ అదే కొట్టు దగ్గర టీ కూడా తాగుతాడు.

"తమ్మీ, మీ అన్న గుండె మంచిగ లేదని దవాఖానల చెప్పిన్రు. ఆయనేమో దిగ్బంధం నాడు రోడ్డు మీద పొయ్యి పెట్టి వంటావార్పు చేస్తనంటున్నడు. ఒక్క లాఠీ దెబ్బ పడ్డదంటే నా బతుకు ఆగమైతది. నువ్వు పిలిస్తే ఒస్తడు. జర ఎటన్న దూరం తోల్కపో. నేను చెప్పిన్నని మాత్రం అనకు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

షాపా, రాజన్నా అని ఒక పూటంతా తూకం వేసుకున్నాడు. చివరికి రాజన్నే బరువు తూగాడు.

రాజస్థాన్ ఎడారి పార్కులో, ఇసుక మీద జీపు నడపాలని మురళీకృష్ణకి ఎన్నాళ్లుగానో ఉంది. అదే సాకు చేసుకుని పిలిచాడు. "పా, పోదాం" అన్నాడు రాజయ్య. బతిమాలించుకోనూ లేదు. తన మాటకి ఇంత విలువుందా అని మురళీకృష్ణ లోలోపల మురిశాడు.

ఎడారిలో ఫోను మూగబోయింది. చుట్టూ ఇసుక, తుప్పలు, దూరంగా ఒంటెల వరస. సాయంత్రం టెంటు ముందు రాజయ్య మూడు రాళ్లు పెట్టి పప్పు ఎసరు పెట్టాడు.

"ఎల్బీ నగర్ల పెట్టాల్సిన పొయ్యి ఈడ పెట్టిన. సూసెతందుకు ఒక్క పోలీసోడన్న లేడు."

"నేనున్నాగా. నన్ను చూసి నినాదాలు ఇచ్చుకో."

"నీకు నినాదాలెందుకు, పప్పు చాలు. పులుపెక్కువైందని వంక పెట్టకుంట తిను."

నవ్వుకున్నారు. కానీ పారిపోయాడన్న మాట మురళీకృష్ణకి చేపముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. రాజయ్య నీళ్ల డబ్బాని ఒంటిచేత్తో ఎత్తబోతే చటుక్కున లాక్కున్నాడు. రాజయ్య అతని వంక అదోలా చూశాడు.

తిరుగు ప్రయాణం రోజున మురళీకృష్ణ ఒక పని చేశాడు. ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి సగం తీసేయాలి. అది అతనికి వెన్నతో పెట్టిన విద్య. తీయలేదు. గాలి బిర్రుగా ఉన్న టైర్లు గిర్రున తిరిగి ఇసుకను తవ్వుకున్నాయి. జీపు ఇరుసుల దాకా కూరుకుపోయింది. ఇక దిగ్బంధం నాటికి రాజయ్య హైదరాబాద్ చేరే ప్రసక్తి లేదు.

రాజయ్య తిట్టిపోస్తాడనుకున్నాడు. సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడితేనే శాపనార్థాలు పెట్టే మనిషి, తువ్వాలు పరుచుకుని బండి నీడన కూర్చున్నాడు. "ఏం తొందరున్నది తీ" అన్నాడు. పాపం, ఒంట్లో ఓపిక లేదు కాబోలని మురళీకృష్ణ మనసు కలుక్కుమంది.

తీరిగ్గా తవ్వి, గాలి తీసి, మర్నాటికి జీపును బయటపడేశారు. మెత్తబడ్డ టైర్లలో మళ్లీ గాలి కొట్టాలంటే పంపు లేదు. బయల్దేరేటప్పుడు తనే జీపులో పెట్టాడు, తన చేత్తో. సీట్ల కింద, టెంటు సంచిలో, అంతటా వెతికాడు. దేవుడే తనవైపు ఉన్నాడనుకుని, గాలి లేని బండిని నత్తనడకన పోనిచ్చాడు.

పల్లె చేరి, టీ బడ్డీ ముందు బెంచీ మీద కూర్చునేసరికి దిగ్బంధం కూడా అయిపోయింది. అప్పుడు మోగింది ఫోను.

"షాపు మీద పడ్డారండీ. ఎవరో, మన చుట్టుపక్కల వాళ్లు కాదట. కర్రలు పట్టుకుని మీ పేరు పెట్టి అడిగారట. లేరనేసరికి బోర్డు పగలగొట్టి పోయారు." సూర్యప్రభ అంతటితో ఆగలేదు. "వీధిలో అందరూ అరుణమ్మ చెప్పింది నిజమేనంటున్నారు."

మురళీకృష్ణకి అరికాలి మంట నెత్తికెక్కింది. కొమురమ్మకిచ్చిన మాట కొట్టుకుపోయింది.

"నీకోసమయ్యా రాజన్నా. నీ గుండె కోసం. మీ ఆవిడ వచ్చి ఏడిస్తే షాపు గాలికొదిలేసి వచ్చాను. నేనక్కడుంటే గడపలో నిలబడి ఉండేవాణ్ణి. ఇప్పుడు పిరికివాణ్ణయ్యాను, పారిపోయినవాణ్ణయ్యాను. నీవల్ల."

రాజయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. పక్కనున్న తన బట్టల మూట విప్పి, పంచెల మధ్య నుంచి గాలి పంపు తీసి, ఇద్దరి మధ్యా బెంచీ మీద పెట్టాడు.

"నా గుండెకేం రోగం లేదు, నీ తాన్కి పోయి ఏడ్వుమని కొమురమ్మను తోలిందే నేను."