ఓసారి పడుకుని చూడండి

"సాయంత్రంలోగా ఒక్క యోగా మ్యాట్ అయినా అమ్మావా, సరే. లేదంటే రేపట్నుంచి మళ్ళీ గోడౌనే నీకు," అన్నాడు మేనేజరు, టేబుల్ ఫ్యాను తనవైపే తిప్పుకుంటూ.

"ఏసీ పాడై నాలుగు రోజులైంది సార్. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెనక్కి పోతున్నారు. ఎవరికని అమ్మను?"

"మెకానిక్‌కి పొద్దున్నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఇదిగో అంటాడు, అదిగో అంటాడు. ఆ తలనొప్పి నాది. నువ్వు నీ పని చూసుకో."

సేల్స్ అమ్మాయి మ్యాట్ల వరస దగ్గరికొచ్చి నిలబడింది. నిలబడటమే ఆమె ఉద్యోగం. ఒక్క నిమిషం కూర్చుంటే చాలు, అద్దాల గదిలోంచి మేనేజరు వేలితో అద్దం మీద టకటక కొడతాడు. అరికాళ్ళు మండిపోతున్నాయి, చొక్కా వీపుకి అంటుకుపోయింది. అయినా గోడౌను కంటే ఇదే నయం. అక్కడ రేకుల కప్పు కింద మూటలెత్తి ఎత్తి నడుం పడిపోతే, కాళ్ళావేళ్ళా పడి ఇక్కడికొచ్చింది. మళ్ళీ పొమ్మంటే ఇక ఉద్యోగం మానుకోవడమే.

మూడింటికి తలుపు తెరుచుకుంది. యాభై ఏళ్ళ మనిషి, నీళ్ళలో ముంచి తీసినట్టున్నాడు. తలుపు దగ్గరి వాచ్‌మన్ బాబాయ్ ఆయన భుజం మీది సంచి లాక్కున్నంత పని చేసి అరలో పెట్టి, చేతిలో టోకెను పెట్టాడు. సంచితో వస్తే దేవుణ్ణయినా లోపలికి రానివ్వడు ఆ బాబాయ్.

"అమ్మా, నేనొచ్చింది..."

"చెప్పక్కర్లేదండీ, చూస్తేనే తెలుస్తోంది!" అంది అమ్మాయి. పక్క వీధిలో వేడి గదిలో యోగాసనాలు చేయించే క్లాసుంది. అక్కణ్ణుంచి వచ్చేవాళ్ళంతా ఇలాగే కారిపోతూ వస్తారు. పొద్దున్నుంచి దొరక్క దొరక్క దొరికాడు, వదిలితే ఇంతే సంగతులు. "చెమటకి జారని మ్యాటే కదా? ఇలా రండి. మా ఏసీ కూడా మీకోసమే పాడైందనుకోండి. ఈ ఉక్కలో జారలేదంటే ఇంకెక్కడా జారదు."

ఆయన ఏదో అనబోయాడు. ఆమె అప్పటికే నీలం మ్యాట్ పరిచేసింది.

"ఓసారి పడుకుని చూడండి."

"పడుకోవాలా?"

"అయ్యో, పడుకోకుండా ఎలా తెలుస్తుందండీ!"

ఆయన మ్యాట్ వైపు చూశాడు. అద్దాల గది వైపు చూశాడు. చెప్పులు విప్పి, మెల్లగా నడుం వాల్చి, కళ్ళు మూసుకున్నాడు. ఎంతకీ లేవలేదు.

"ఎలా ఉందండీ?"

"బ్రహ్మాండంగా ఉందమ్మా."

"ఏం బ్రహ్మాండం! చెయ్యి ఆనించి లేవండి చూద్దాం."

లేవబోతే చెయ్యి సర్రున జారింది. "చూశారా? పైనంతా నున్నటి ప్లాస్టిక్కు. చెమట పడిందంటే సబ్బుబిళ్ళే," అంటూ ఎర్రది పరిచింది. అది జారలేదు గానీ, చెమటంతా పీల్చేసుకుని ఆయన వీపు ఆకారం చూపించింది. "ఇది వారం తిరక్కుండానే కంపు కొడుతుంది. వద్దు."

వద్దన్నప్పుడల్లా ఆయన లేచాడు, పడుకోమన్నప్పుడల్లా పడుకున్నాడు. విసుగు లేదు, తొందర లేదు. ఇలాంటి కస్టమర్ని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"సార్, మీ సంచిలో ఫోన్ మోగుతోంది," అని కేకేశాడు బాబాయ్.

"మోగనీ తమ్ముడూ, అదే ఊరుకుంటుంది," అన్నాడాయన కళ్ళు తెరవకుండానే.

"రోజుకి ఎంతసేపు చేస్తారండీ?" అడిగింది అమ్మాయి.

"పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా."

"అమ్మో! క్లాసులోనేనా?"

"ఎక్కువగా డాబా మీద. అదీ మిట్టమధ్యాహ్నం. మోకాళ్ళ మీద కూర్చుని, మెడ వంచి, గంటైనా కదలకుండా ఉండాలి. నడుం పట్టేస్తుందమ్మా."

"ఆ ఆసనం పేరేంటండీ?"

"పేరేం లేదు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నా, అంతే."

ఆమెకి ఆయన మీద గౌరవం పెరిగిపోయింది. అరలో అట్టడుగునున్న నల్లదాన్ని రెండు చేతులా లాగింది. అబ్బ, ఏం బరువు! "అయితే మీకిదే. అడుగున రబ్బరు, పైన గుడ్డలాంటి పొర. తడిసేకొద్దీ పట్టు పెరుగుతుంది. కాకపోతే ఎండలో పడేస్తే రబ్బరు పాడైపోతుంది, ముందే చెబుతున్నా."

"నీళ్ళ ట్యాంకు నీడలో వేసుకుంటాను లే," అంటూ దాని మీద వాలాడు. ఈసారి చిన్నగా గురక కూడా వినిపించింది. పాపం, లేపడానికి ఆమెకి మనసొప్పలేదు. పది నిమిషాల తర్వాత ఆయనే లేచి, అరచేత్తో గట్టిగా నొక్కి చూశాడు. జారలేదు.

"ఇది ఇచ్చెయ్యమ్మా," అని జేబులోంచి తడిసిన నోట్లు తీశాడు.

అమ్మాయికి ఏడుపొచ్చినంత పనైంది. అద్దంలోంచి అంతా చూసిన మేనేజరు గబగబా బయటికొచ్చాడు. టేబుల్ ఫ్యాను కూడా ఎత్తుకొచ్చి ఆయన వైపు తిప్పాడు. "రేపు కూడా నువ్విక్కడే," అని ఆమెతో అని, చల్లటి నీళ్ళు తెచ్చి స్వయంగా ఆయనకందించాడు.

"ఏమీ అనుకోకండి సార్, మిమ్మల్ని ఈ ఉక్కలో ఉడికించేశాం. ఆ ఏసీ మెకానిక్ వెధవ ఫోనే ఎత్తడం లేదు. కనబడనీ, వాడి పని చెబుతా!"

ఆయన నీళ్ళు చివరి చుక్క దాకా తాగాడు. మ్యాట్ చంకలో పెట్టుకున్నాడు. బాబాయ్‌కి టోకెనిచ్చి సంచి తీసుకుని, అందులోంచి స్క్రూడ్రైవర్ బయటికి తీశాడు.

"పొద్దున్నుంచి అయిదు చోట్లకెళ్ళా. గుమ్మంలో అడుగు పెట్టగానే అందరూ నిచ్చెనెక్కమన్నవాళ్ళే," అన్నాడు అమ్మాయితో. "పడుకోమన్నది నువ్వొక్కదానివేనమ్మా."