ఎడమవైపు ఖాళీ

సైన్యంలో ఉత్తరాలు చదివే పని మనుషుల చేతుల్లోంచి పోయి అప్పటికి ఇరవై ఏళ్ళు. ప్రతి కార్యాలయానికీ ఒక యంత్రం, ప్రతి యంత్రానికీ ఒక మంత్రం.

మంచుకొండ మీది చౌకీ నుంచి సుబేదారు తవిటయ్య రేడియోలో అడిగాడు. "గుమస్తా బాబూ, మా నెత్తిమీద మంచు పగుళ్ళిస్తోంది. చౌకీ ఖాళీ చేస్తామన్న మా అర్జీ ఏటయ్యింది?"

"బ్రిగేడ్ యంత్రం కాగితానికి ఎడమవైపు అంగుళం ఖాళీ వదలమంది, వదిలాను సార్. డివిజన్ యంత్రం అంగుళమున్నర కావాలని తిప్పికొట్టింది. అలా మార్చితే బ్రిగేడ్ ఒప్పుకోవట్లేదు," అన్నాడు కింద శిబిరంలో గుమస్తా సన్యాసిరావు.

"అనుమతి లేకుండా దిగితే?"

"పారిపోయినట్టు రాసుకుంటారు సార్."

"సరేలే. నువ్వు కాగితం అంచు చూసుకో, మేం కొండ అంచున కూకుంటాం."

వెనకాల ఎనిమిది మంది జవాన్లు పకపకా నవ్వడం వినిపించింది.

సన్యాసిరావు అర్జీని పద్నాలుగోసారి టైపు చేస్తుండగా రేడియో మూగబోయింది.

ఆ సాయంత్రం అతను తొమ్మిది ఇళ్ళకు తొమ్మిది ఉత్తరాలు పంపాడు. ఒక్కటీ తిరిగి రాలేదు. సంతాప పత్రానికి మాత్రం అన్ని యంత్రాల్లోనూ ఒకటే నమూనా. పేరు రాసుకోవడానికి అందులో ముందే ఖాళీ వదిలి ఉంచారు.