వంటింటి దాకా రైలు

టోకు వ్యాపారి నెగిషి గారు చెప్పులు విప్పి గదిలోకి రాగానే తొమెకిచి, అతని భార్య కిను నేలకి తల ఆనించి దండం పెట్టారు. భక్తి కాదు, భయం.

యుద్ధం అయిపోయాక అది రెండో చలికాలం. టోక్యోలో బొమ్మలు చేసేవాళ్లంతా నెగిషి గారి గుమ్మం ఎక్కాల్సిందే. ఈ రోజు ఆయన ఊఁ అంటే తొమెకిచి బొమ్మ రైళ్లు చేసుకుని బతుకుతాడు. ఉహూఁ అంటే రేకు మిషను అమ్మేసి, బావమరిది కొట్లో గిన్నెలకి మాట్లు వేస్తాడు. ఆ బావమరిది ఇప్పటికే నవ్వడం మొదలుపెట్టాడు.

అతిథిని తలుపుకి దూరంగా, పెద్దలు కూర్చునే చోట కూర్చోబెట్టారు. కిను ఆయనకి దిండు వేసి, మోకాళ్ల కింద ఇంకోటి మడిచి పెట్టింది. టీ మాత్రం అరకప్పే పోసింది.

"కరువు బాగానే ఉందమ్మా మీ ఇంట్లో!"

"రోజులట్లా ఉన్నాయండీ," అంది కిను.

తొమెకిచి రైలు బయటికి తీశాడు. అమెరికా సోల్జర్లు పారేసిన బీరు డబ్బాల రేకుతో చేసింది. నల్లటి ఇంజను, ఎర్ర చక్రాలు. కిరకిరమని కీ తిప్పి, నెగిషి గారి మోకాళ్ల దగ్గర వదిలాడు.

రైలు కదిలింది. చాపలు దాటుకుంటూ వంటింటి గుమ్మం దాకా పోయి ఆగింది.

నెగిషి గారి కనుబొమలు లేచాయి. "నిన్న ఒకడి రైలు నాలుగడుగులకే ఆయాసపడింది. నీది ఆగదేమయ్యా? ఊళ్లో మంచి స్ప్రింగే దొరకట్లేదు కదా!"

"మీ దయండీ," అన్నాడు తొమెకిచి.

మళ్లీ వదిలాడు. మళ్లీ అంతే. నెగిషి గారికి హుషారు పుట్టింది.

"ఏదీ, ఈసారి అటు నుంచి ఇటు తోలు!"

తొమెకిచి మొహం పాలిపోయింది.

కిను గబుక్కున అందుకుంది. "అయ్యో, ఎంత మాట! పెద్దల మీదికి రైలు తోలతామా అండీ? కాళ్లకి తగిలితే మా మర్యాద ఏం కాను? మీరు జెండా ఊపాలి, అది బయల్దేరాలి గానీ!"

నెగిషి గారు పొంగిపోయారు. చేతిరుమాలు తీసి జెండాలా ఊపారు. రైలు బయల్దేరింది. ఆయన చప్పట్లు కొట్టి, అక్కడికక్కడే ఆర్డరిచ్చి, బయానా కవరు తొమెకిచి చేతిలో పెట్టారు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా మొగుడూ పెళ్లాలు వంచిన నడుము ఎత్తలేదు. తర్వాత ఒకరి భుజాలొకరు పట్టుకుని నవ్వలేక చచ్చారు.

మర్నాడు తొమెకిచి ఆ బయానా పట్టుకుని నల్లబజారుకి పరుగెత్తి, తన రైలులో ఇంతవరకూ లేని స్ప్రింగు కొన్నాడు. బాంబుల దెబ్బకి వంటింటి వైపు ఒరిగిపోయిన గది నేలని మాత్రం, అవసరానికి ఉంటుందని అలాగే ఉంచాడు.